దమ్మున్న అక్క

మా చెన్నూరు బడి వంటగదిలో పొయ్యి ఊదడమంటే మొదట్లో నాకు ఏడుపొచ్చేది. తుమ్మకట్టెలు, అందులోనూ వానాకాలం పచ్చివి. ఊదుగొట్టం పట్టుకుని నేను పదిసార్లు బుస్సు బుస్సుమని ఊదినా కళ్లల్లో నీళ్లు, ముక్కులో పొగ తప్ప మంట వచ్చేది కాదు. అక్క వచ్చి నా చేతిలోంచి గొట్టం తీసుకునేది. ఒక్కసారి గాలి పీల్చి, తొందర లేకుండా సన్నగా ఊదుతూనే ఉండేది. నేను లోపల లెక్కపెట్టుకునేదాన్ని... ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. కట్టెలు భగ్గుమనేవి. అక్క ఏమీ జరగనట్టు లేచి బియ్యం కడగడానికి పోయేది.

"ఇంత దమ్ము యాడిదక్కా నీకు?" అని ఒకసారి అడిగాను.

"మా నాయన ఎద్దుల బేరగాడు మే. మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దదే" అని నవ్వింది. నేను నమ్మేశాను. నాలుగేళ్లపాటు అదే నిజమనుకున్నాను.

నాకు రాయడం అలవాటు లేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఆ తరువాత నేను రాసిందల్లా పాల లెక్క, చీటీల లెక్క. కానీ 2022 డిసెంబరులో అక్క పోయినప్పటి నుంచీ ఆమె సంగతి నాలుగురికి చెప్పాలని మనసులో ఉంది. పేరు రాయవద్దని వాళ్లింట్లో అన్నారు. నేనెప్పుడూ ఆమెను పేరుపెట్టి పిలిచింది లేదు. ఇక్కడా అక్కే.

మాది పెన్న ఒడ్డున ఊరు. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో వస్తుంది. తమలపాకు తోటలకు పేరు. బడిపిల్లలకు వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పాక, మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. అంతకుముందు పిల్లలకు ఇంటికి బియ్యం కొలిచి ఇచ్చేవాళ్లు. వంటపనిని డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు అప్పగించారు. మా సంఘం నుంచి ముగ్గురం చేరినాము. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, చంకలో పిల్ల. అక్కకు ముప్పై ఎనిమిది. వాళ్లాయన ఆకుతోటల్లో కూలికి పోయేవాడు. మూడో ఆమె మా ఇద్దరికంటే పెద్దది, మాటకంటే ముందు కోపం వచ్చే మనిషి. ఆమె సంగతి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

పెద్దపిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం లెక్క. రెండు వందల మంది వచ్చినరోజు ముప్పై కిలోలు పడుతుంది. ముప్పై కిలోల బియ్యం ఉడికి అన్నమైతే ఎంత బరువుంటుందో ఇంట్లో నలుగురికి వండుకునే మనకు ఊహకు రాదు. మొదటివారమే నా నడుము పట్టేసింది. అప్పుడు అక్క నేర్పింది. గుండిగ ముందర కాళ్లు ఎడంగా పెట్టుకోవాలి. నడుము వంచకుండా మోకాళ్లు మడిచి కిందికి దిగాలి. బరువును పొట్టకు దగ్గరగా తెచ్చుకుని తొడల బలంతో లేవాలి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, వదలాలి. "నడుముతో ఎత్తినోళ్లు నలభైకే మూల కూచుంటారు మే" అనేది. నీళ్లబిందెలు, గ్యాసుబండలు ఎత్తే అక్కచెల్లెళ్లందరూ ఇలా చేసి చూడండి. ఇన్నేళ్లయినా నాకు మళ్లీ నడుమునొప్పి రాలేదు. ఇది వంటవాళ్ల కిటుకు అనుకున్నాను గానీ, క్యాంపులో కోచ్ నేర్పిన సంగతని తరువాత తెలిసింది.

ఇంకొకటి కూడా నాకు అప్పుడు అర్థం కాలేదు. గుడ్లు పెట్టేరోజు అక్క ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. తనే లెక్కపెట్టి ఉడకేసేది, తనే వడ్డించేది. ఆడపిల్లల్లో కొందరు గుడ్డు తినకుండా పక్కనోళ్లకు ఇచ్చేస్తే ఊరుకునేది కాదు. "తిను ముందు. తిన్నాక నీ ఇష్టం" అని ఎదురుగా నిలబడేది. పిసినారితనం, పెత్తనం అని మా మూడో ఆమె గొణిగేది.

అసలు సంగతి 2007లో బయటపడింది.

బడికి కొత్తగా ఒక వ్యాయామం సారు వచ్చినారు. ఆడపిల్లలతో కబడ్డీ ఆడిస్తున్నారు. అక్క కొళాయి దగ్గర ఆకుకూర కడుగుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కూతకు వెళ్లిన పిల్ల కాలిని ఎవరో మడమ దగ్గర దొరకబుచ్చుకున్నారు. ఆ పిల్ల కాలు వెనక్కు లాక్కుంటోంది, లాక్కునేకొద్దీ ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి అక్క గట్టిగా అరిచింది.

"గుంజుకోవాక మే! ముందుకు పడు! కూత ఆపాక!"

అందరమూ తిరిగి చూసినాము. అక్క అప్పటికే ఆకుకూర గంప కింద పెట్టేసింది. కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు ఎగ్గట్టి, తడిచేతులు చీరకు తుడుచుకుంటూ గ్రౌండులోకి నడిచింది. గీత దగ్గర వంగి నేలను ముట్టి కళ్లకద్దుకుంది. "పట్టుకోండి నన్ను" అని ఆ ఏడుగురు పిల్లలతో చెప్పింది. వాళ్లు నవ్వుతున్నారు.

తరువాత నవ్వలేదు. అక్క కూత నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గట్టిగా అరిచే కూత కాదు. కిందిస్థాయిలో, తెంపు లేకుండా, కుట్టుమిషను ఆడినట్టు. ఎడమవైపు పోతున్నట్టు భుజం తిప్పింది, పిల్లలంతా అటు జరిగినారు, కుడికాలు చాచి ఒకతెను తాకింది. తిరిగేలోపల చేత్తో ఇంకొకతెను. ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెనకనుంచి నడుమును చుట్టేసినారు. అక్క వెనక్కు లాగలేదు. వాళ్లిద్దరినీ మోసుకుంటూ ముందుకే పడింది. పడ్డచోటు నుంచి చెయ్యి చాపితే వేళ్లు మధ్యగీత దాటినాయి. అప్పుడు ఆపింది కూత. నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, మోచేయి దోక్కుపోయి రక్తం వస్తోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

సారు దగ్గరకు వచ్చినారు. ఆ రోజు పొద్దుటిదాకా "ఏమ్మా, నువ్వు" అనే మనిషి, "మీరు ఎక్కడ ఆడినారమ్మా?" అన్నారు.

"స్టేటుకు ఆడినా సార్. ఎనభై రెండులో."

అంతలో మాడువాసన వచ్చింది. పప్పు సంగతి ముగ్గురమూ మరిచిపోయినాము. అడుగంటిన పప్పును గరిటె పెట్టి కలపకూడదు, పైపైన వేరే గిన్నెలోకి తీసుకుని మళ్లీ తిరగమోత పెట్టుకోవాలి. అయినా రెండు వందల మంది పప్పుకు ఆ ఉపాయం ఎంతవరకు పనిచేస్తుంది? పిల్లలు మాడుపప్పే తిన్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు.

పెన్న ఇసుకలో నేర్చిన ఆట

ఆ తరువాత ఆకుకూర వలుచుకుంటూ, బియ్యంలో రాళ్లేరుకుంటూ కొంచెం కొంచెంగా చెప్పింది. అక్క పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర పల్లె. అదీ పెన్న ఒడ్డే. ఎండాకాలం ఏట్లో నీళ్లు పోయి ఇసుక తేలితే సాయంత్రం అన్నదమ్ములు చెడుగుడు ఆడేవాళ్లు. ఒక మనిషి తక్కువైనప్పుడు అక్కను పిలిచేవాళ్లు. ఇసుకలో పడితే దెబ్బ తగలదు గానీ కాలు దిగబడుతుంది, పరుగు రాదు. అక్కడ ఆడినవాళ్లకు గట్టినేల మీద కాళ్లు వాటంతటవే ఎగురుతాయట. ఏటి నుంచి నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని ఊరిబయట వేపచెట్టు దాకా ఒకే దమ్మున కూత పెట్టుకుంటూ రావడం ఆమె ఆట. మొదట సగం దారికే ఆగిపోయేదట. ఏడాది తిరిగేసరికి వేపచెట్టు దాటి గుడి అరుగు దాకా వచ్చింది.

ఇప్పుడు టీవీలో ముప్పై సెకన్ల గడియారం చూపిస్తారు. కూత సరిగ్గా వినపడకపోయినా గడియారమే చెబుతుంది. అక్క ఆడిన రోజుల్లో దమ్ము ఉన్నంతసేపే ఆట. ఎదుటివాళ్ల గడిలో ఊపిరి తెగితే అవుటే. "అప్పుడు కబడ్డీ కాళ్లతో కాదు మే, రొమ్ముతో ఆడేది" అనేది.

బడిలో ఒక సారు చూసి జిల్లా ఆటలకు తీసుకుపోయినారు. జిల్లా నుంచి రాష్ట్రం జట్టుకు ఎంపికయింది. జూనియర్ నేషనల్స్‌కు ముందు ఇరవై రోజులు క్యాంపు. అక్కడ రోజూ గుడ్డు, పాలు, అరటిపండు పెట్టినారట. అంతకుముందు అక్క ఇంట్లో గుడ్డంటే నాయనకు, అన్నదమ్ములకు. "ఇరవై రోజులు ఇరవై గుడ్లు తిన్నా. తిరిగొచ్చి అద్దంలో చూసుకుంటే నేనే గుర్తుపట్టలేదు" అని చెప్పినప్పుడు నాకు బడిలో గుడ్ల దగ్గర ఆమె కాపలా గుర్తొచ్చి సిగ్గేసింది.

రైలెక్కడం అదే మొదటిసారి. ఉత్తరాదిన ఒక ఊరికి పోయి మూడు ఆటలు ఆడినారు. రెండు గెలిచి మూడోది ఓడిపోయి వచ్చినారు. ఓడిపోయిన ఆటలో చివరి కూత అక్కదే. ఇంకొక్క పాయింటు తెస్తే సమానమయ్యేది. తాకి తిరుగుతుంటే ఎవరో నడుము పట్టినారు, ఆమె వెనక్కు లాక్కుంది. ముందుకు పడింటే చెయ్యి అందేదని ఇరవై అయిదేళ్ల తరువాత కూడా కందిపప్పు చెరుగుతూ అనేది. ఆ రోజు కొళాయి దగ్గర నుంచి ఎందుకు అరిచిందో అప్పుడు తెలిసింది నాకు.

ఇంటికొస్తే వాళ్లమ్మ సంతోషపడలేదు. ఆ ఇరవై రోజులూ చెనిక్కాయ చేలో కలుపుకూలి పోయింది కదా. "నీ ఆట నా కూలి తినింది" అనిందట. తల్లిని తప్పుపట్టడానికి లేదు. ఆ ఇంట్లో ఆ కూలి డబ్బులే వారం సరుకులు.

దీని మీద ఒక సంగతి చెప్పాలి. మా చిన్నాన్న కొడుకు ఆస్ట్రేలియాలో సిడ్నీలో ఉంటాడు. అక్కడ రగ్బీ లీగు అని ఒక ఆట ఉందట. జట్టుకు పదముగ్గురు. బంతి చంకలో పెట్టుకుని ఉరికేవాణ్ణి ఎదుటివాళ్లు పట్టి పడేయాలి. "మన చెడుగుడే అక్కా, బంతి ఒకటి ఎక్కువ" అన్నాడు. ఆ ఆట విడిగా పుట్టిందే కూలి తగాదా మీదట. ఇంగ్లండులో ఉత్తరాది ఊళ్లలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆట కోసం పని మానితే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి ఆటగాళ్లకు ఇద్దామని అక్కడి జట్లు అడిగితే రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. అందుకని 1895లో హడ్డర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో కూర్చుని ఆ జట్లు విడిపోయి వేరు సంఘం పెట్టుకున్నాయి. అదే తరువాత రగ్బీ లీగు అయిందట. నేను ఇది అక్కకు చెబితే చెరిగే చేట పక్కన పెట్టి మరీ విన్నది. "అట్లయితే మా యమ్మ ఆ ఊర్లో పుట్టాల్సింది మే" అనింది.

మరుసటి ఏడు పెళ్లి. నిక్కరేసుకుని మగసార్ల ముందర ఆడిందని అత్తగారింట్లో తెలిస్తే ఏమవుతుందోనని సర్టిఫికెట్టును పెట్టెలో చీరల అడుగున పెట్టింది వాళ్లమ్మ. మొగునికి చెప్పింది పెద్దకొడుకు పుట్టినాక. ఆయన నవ్వి, "అందుకేనా నాతో కొట్లాటలో ఎప్పుడూ నువ్వే గెలుస్తావు" అన్నాడంట. మంచిమనిషి. కానీ అప్పటికి ఆట అయిపోయింది. ఆమెతో ఆడినవాళ్లలో ఒకామెకు పోలీసులో, ఇంకొకామెకు రైల్వేలో ఆట మీదనే ఉద్యోగం వచ్చింది. ఆ దారి ఒకటుందని అక్క ఇంట్లో చెప్పేవాళ్లు లేరు.

ఆడవాళ్ల కబడ్డీకి జాతీయపోటీలు 1955లోనే కలకత్తాలో మొదలైనాయి. అంటే అక్క పుట్టకముందే. ఆసియా క్రీడల్లో మగవాళ్ల కబడ్డీని 1990లో బీజింగులో చేర్చినారు. ఆడవాళ్లకు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2010లో చైనాలో గ్వాంగ్‌జౌలో మన ఆడపిల్లలు మొట్టమొదటి బంగారుపతకం తెచ్చినారు. 2012లో పాట్నాలో ప్రపంచకప్పు కూడా గెలిచినారు. ఆ జట్టు కెప్టెన్ మమతా పూజారి కర్ణాటక అమ్మాయి, ఉద్యోగం మన దక్షిణమధ్య రైల్వేలో. పేపర్లో ఆమె ఫోటో వస్తే అక్క కత్తిరించి వంటగదిలో ఉప్పుడబ్బా మీద అన్నం మెతుకుతో అంటించింది.

పంపు మే

2014లో టీవీలో ప్రో కబడ్డీ మొదలైంది. తెలుగు టైటాన్స్ ఆట ఉన్నరోజు అక్క మా ఇంటికి వచ్చేది, వాళ్లింట్లో టీవీ పిల్లలు వదలరని. రాహుల్ చౌదరి కూతకు పోతే ఈమె కుర్చీలో ముందుకు జరిగేది. ఆడవాళ్లకు ఎప్పుడు పెడతారో అని చూసింది. 2016లో మూడు జట్లతో ఒక చిన్న పోటీ పెట్టినారు, మరుసటి ఏడు మళ్లీ పెట్టలేదు. "రుచి చూపించి ఆకు లాక్కున్నారు" అనింది.

అప్పటికి మా పాప ఆ బడిలోనే చదువుతోంది. అక్క సాయంత్రం పాత్రలు తోమినాక ఆడపిల్లలకు నేర్పించేది. సారు కూడా కాదనలేదు. 2015లో పాప ఎనిమిదో తరగతిలో ఉండగా జోన్ ఆటలకు ఎంపికైంది. ప్రొద్దుటూరుకు పోయి రెండురాత్రులు ఉండాలి. నేను పంపనన్నాను. ఏం కారణం చెప్పినానో ఇప్పుడు రాయడానికి కూడా మనసు రావడం లేదు. పిల్ల పెద్దమనిషయింది, నిక్కరేమిటి, రాత్రిళ్లు బయట ఉండడమేమిటి, రేపు సంబంధాలు చూసేవాళ్లు ఏమంటారు... అక్క కథ విని కన్నీళ్లు పెట్టుకున్నదాన్నే నేను.

అక్క వాదించలేదు. గిన్నె తోముతూ ఒక్కసారి మాత్రం అనింది, "పంపు మే" అని. నేను వినపడనట్టు ఊరుకున్నాను. పాప రెండురోజులు నాతో మాట్లాడలేదు, తరువాత మామూలుగానే ఉంది. మళ్లీ కబడ్డీ ఊసెత్తలేదు.

ఊదే పరీక్ష

2016 చలికాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. కరక్కాయ, మిరియాల కషాయం, తమలపాకురసంలో తేనె, అన్నీ అయినాయి. తగ్గలేదు. బిందె మోస్తే ఆయాసం. పొయ్యి ఊదడానికి కూర్చుంటే అయిదు లెక్కపెట్టేలోపల దగ్గొచ్చి గొట్టం నాకిచ్చేసేది. వయసు అనుకున్నాము. యాభై ఒకటికే ఏం వయసు? ఇంకో ఏడాది అట్లనే గడిపినాము. 2017లో ఒకరోజు మెట్లమీద కూలబడితే నేనే కడపకు ఆసుపత్రికి తీసుకుపోయినాను.

డాక్టరు మొదటిప్రశ్న, "బీడీలు తాగుతావా?"

"బీడీ ముట్టను సార్. పొయ్యి ఊదుతా."

ఎన్నేళ్ల నుంచి అని అడిగినారు. పుట్టింట్లో ఏడేళ్ల నుంచి, అత్తింట్లో ముప్పై ఏళ్లు, బడిలో పద్నాలుగేళ్లు. 1999లో దీపం పథకంలో మా సంఘంలో చాలామందికి గ్యాసు వచ్చింది, అక్కకూ వచ్చింది. కానీ బండ తొందరగా అయిపోతుందని టీ, పాలకు మాత్రం వెలిగించి, అన్నం, సంగటి కట్టెల మీదే వండేది. మనలో ఎంతమంది అట్ల చేయలేదు? నేనూ చేశాను.

తరువాత ఒక పరీక్ష చేసినారు. ఒక గొట్టం నోట్లో పెట్టుకుని, ముక్కుకు క్లిప్పు వేసి, నిండుగా గాలి పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదాలి. ఇక లేదనేదాకా, కనీసం ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి. ఆరే గదా అనుకున్నాను. ముప్పై లెక్కపెట్టినదాన్ని నేను. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, కాళ్లు ఎడంగా పెట్టి, తలవంచి, కూతకు పోయేముందు ఎట్ల పీల్చేదో అట్లే పీల్చింది. ఊదింది. మూడో సెకనుకు దగ్గు. మళ్లీ. మళ్లీ దగ్గు. మూడోసారి ఆరు దాకా లాగింది గానీ కాగితం మీద వచ్చిన లెక్క ఆ వయసుకు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇంగ్లీషులో ఉంది, ఆమెకు రాదు. అయినా చూసింది.

జబ్బుపేరు సి.ఒ.పి.డి. ఊపిరితిత్తుల్లో గాలి పోయే దారులు వాచి సన్నబడిపోతాయి, పీల్చిన గాలి సరిగ్గా బయటికి రాదు. మనకు తెలిసినంతలో ఇది సిగరెట్టు, బీడీ తాగే మగవాళ్ల జబ్బు. కానీ జీవితంలో ఒక్క బీడీ ముట్టని ఆడవాళ్లకు కట్టెల పొగతో, పిడకల పొగతో ఇదే జబ్బు వస్తుందని డాక్టరు విడమరిచి చెప్పినారు. ఇంట్లో వంట పొగ కారణంగా 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. పోయిన ఊపిరి తిరిగి రాదట. పొగకు దూరంగా ఉంటే, పీల్చే మందు రోజూ తప్పకుండా వాడితే మిగిలినదాన్ని నిలబెట్టుకోవచ్చు. దమ్ము ఎక్కువున్నవాళ్లకు ఇది రాదా అని నేను అమాయకంగా అడిగాను. ఎక్కువున్నవాళ్లు తగ్గుతున్నట్టు ఆలస్యంగా తెలుసుకుంటారు అన్నారాయన. ఎన్నాళ్లనుంచో తగ్గుతూ వచ్చింటుంది, ఆమె దగ్గర మిగులు ఉన్నందువల్ల ఎవరికీ కనపడలేదు.

కట్టెలపొయ్యి వాడేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి డాక్టరు చెప్పినవి రాస్తున్నాను. వీలైతే గ్యాసు. 2016 నుంచి ఉజ్వల కనెక్షన్లు, మన రాష్ట్రంలో 2024 నుంచి దీపం కింద ఏడాదికి మూడు ఉచిత బండలు ఇస్తున్నారు. ఉన్న గ్యాసును టీకే పరిమితం చేయకండి. ప్రెషర్ కుక్కరులో వండితే బండ ఎక్కువరోజులు వస్తుంది. కట్టెలు తప్పనప్పుడు బాగా ఎండినవి వాడాలి, పొయ్యిని బయటో, పొగగొట్టం కిందో పెట్టుకోవాలి, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వండకూడదు. రెండునెలలు దాటిన దగ్గును వయసు మీదకు నెట్టేయకూడదు. నేను నెట్టినాను కాబట్టి చెబుతున్నాను.

అక్క పని మానలేదు. మానితే ఇల్లు గడవదు. పొయ్యి నేనూ మూడో ఆమే చూసుకుని, ఆమెను కూరగాయలు తరగడానికి బయట చెట్టుకింద కూర్చోబెట్టినాము. అప్పుడే తెలిసింది, ఆ కోపిష్టిది కూడా అక్క ఇన్‌హేలర్ వేళ గుర్తుపెట్టుకుని కేకేసేదని. మా వంటగదికి గ్యాసు 2019లో వచ్చింది. సాయంత్రం పిల్లలు ఆడుతుంటే అక్క స్టూలు మీద కూర్చుని చూసేది. అరిచే శక్తి లేదు. పళ్లెం మీద గరిటెతో కొట్టేది. ఒక దెబ్బ అంటే తిరుగు, రెండు దెబ్బలంటే ముందుకు పడు. ఆ పిల్లలకు అది బాగా అలవాటైంది. ఒకసారి వేరే ఊరి గ్రౌండులో ఆడుతూ గరిటె చప్పుడు లేక తికమకపడినామని వచ్చి చెప్పినారు.

2022 డిసెంబరులో మంచు ఎక్కువగా ఉన్న వారంలో అక్క పోయింది. యాభై ఏడేళ్లు.

2025 నవంబరు 2న మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచినారు. ఆ జట్టులో ఆడిన శ్రీచరణి మన కడపజిల్లా ఎర్రమల్లె అమ్మాయి. వాళ్ల నాయన థర్మల్ పవర్ ప్లాంటులో పనిచేస్తాడు. మా వీధిలో అర్ధరాత్రి టపాకాయలు కాల్చినారు. హైదరాబాదు నుంచి మా పాప ఫోను చేసింది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు, అక్కడ ఉద్యోగం.

"చూసినావా అమ్మా?" అనింది.

"చూసినా" అన్నాను. కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది.

ఆ వారమే బడిలో కొత్త వ్యాయామం టీచరమ్మ, మన ఊర్లో కూడా స్టేటుకు ఆడినామె ఉండిందంట కదా, ఫోటో ఉంటే గోడకు పెడదాము అని అడిగింది. అక్క పెద్దకొడుకు పెట్టె వెతికి తెచ్చి ఇచ్చినాడు. సర్టిఫికెట్టు ఒక మూల చెదలు తినింది గానీ పేరు బాగానే ఉంది. దాంతోపాటు ఒక చిన్న గుంపుఫోటో. నలుపుతెలుపు. ఆడపిల్లలందరూ ఒకేరకం బనియన్లు వేసుకుని రెండు వరసల్లో ఉన్నారు. కొడుకుకు వాళ్లమ్మ ఎవరో తెలియలేదు. నాకూ మొదట తెలియలేదు. తరువాత చూస్తే వెనకవరసలో ఎడమ నుంచి రెండో పిల్ల, పొట్ట లోపలికి లాక్కుని, రొమ్ము నిండా గాలి నింపుకుని, ఫోటో అయిపోయేదాకా వదలకూడదన్నట్టు నిలబడి ఉంది.

ప్రొద్దుటూరులో స్టూడియోలో పెద్దది చేయమని ఇచ్చినాను. మరీ పెద్దది చేస్తే మొహాలు అలికినట్టు అవుతాయన్నాడు. గోడకు కనపడేంత చాలన్నాను. వచ్చే గురువారం ఇస్తానన్నాడు.